ప్రముఖుల జీవితాల్లో 1908: అఫ్జల్‌గంజ్ ఒడ్డు మొదలు తెలుగు నేల దాకా

హైదరాబాద్ చరిత్రలో 1908 అనగానే మూసీ వరద గుర్తొస్తుంది. ఆ ఏడాది సెప్టెంబర్ 28, సోమవారం నాడు నది పొంగి అఫ్జల్‌గంజ్‌నూ, దాని ఇరుపక్కల బస్తీలనూ ఊడ్చేసింది. ఆ నీళ్లు కొందరు ప్రసిద్ధుల జీవితాలను కూడా మలుపు తిప్పాయి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కుటుంబాన్ని పోగొట్టుకున్నది ఆ రోజే. ఉద్యోగం వదిలి విదేశాలు తిరుగుతున్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు అందింది ఆ వరద వల్లే. అదే ఏడాది తెలుగు నేల మీద నలుగురు పిల్లలు పుట్టారు. ఎల్.వి. ప్రసాద్, బి.ఎన్. రెడ్డి సినిమాకు దిశ చూపితే, మఖ్దూం మొహియుద్దీన్, రావి నారాయణరెడ్డి తెలంగాణ పోరాటానికి గొంతు, నాయకత్వం ఇచ్చారు. ప్రముఖుల సంవత్సర చరిత్రలు సాధారణంగా బిరుదులూ, పదవులూ, విడుదలలూ లెక్కపెడతాయి. 1908కి ఆ కొలత చాలదు. ఆ ఏడాది జరిగినవాటిలో ముఖ్యమైనవి ఏళ్ల తర్వాత గాని వెలుగులోకి రాలేదు.

వరదకు ముందు అఫ్జల్‌గంజ్

ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలిసిన బజారు ఇది. నదికి ఉత్తరపు ఒడ్డున, పాతబస్తీని అవతలి బస్తీలతో కలిపే వంతెన ముఖాన ఉండటంతో ధాన్యం వ్యాపారానికి అనువైన చోటైంది. ఆ వంతెన కూడా ఆయన కాలంలో కట్టిందే. పురానాపూల్ అప్పటికే ఉంది కాబట్టి జనం దీన్ని నయాపూల్ అన్నారు. ఈనాటికీ అదే పేరు. 1866లో ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రి మొదలైంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పుట్టిందీ అదే సంవత్సరం.

ఆ ఆసుపత్రికి వరద కంటే రెండు దశాబ్దాల ముందే ప్రపంచ వైద్యరంగంలో పేరుంది. మత్తుమందుగా క్లోరోఫాం ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888, 1889లలో రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. ఆ రోజుల్లోనే ఇక్కడి వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. అంటే 1908లో మూసీ కొట్టుకుపోయేలా చేసింది ఒక మామూలు దవాఖానాను కాదు. వైద్య పత్రికల్లో హైదరాబాద్ పేరు కనబడేలా చేసిన చోటది.

సెప్టెంబర్ 28

ఆ వారం బతుకమ్మ రోజులూ, రంజాన్ నెల ఆరంభమూ కలిసి వచ్చాయి. సెప్టెంబర్ 26 నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. నగరానికి ఎగువన మూసీ, దాని ఉపనది ఈసీ రెండూ నిండాయి. అసలు ప్రమాదం మాత్రం చెరువుల నుంచి వచ్చింది. పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని తర్వాతి పరిశీలనలో తేలింది. పైచెరువు తెగితే ఆ నీళ్లన్నీ కిందిచెరువు మీద పడతాయి, దాని కట్టా నిలవదు. గొలుసుకట్టు చెరువులు దక్కన్‌కు వరం. ఆ రాత్రి మాత్రం ఆ గొలుసే ఊరి మీదకు నీళ్లను తోసుకొచ్చింది.

తెల్లవారేసరికి అఫ్జల్ (నయాపూల్), ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిని దాటడానికి పనికిరాకుండా పోయాయి. 1578 నాటి పురానాపూల్ ఒక్కటే నిలబడింది. కోల్సావాడి లాంటి లోతట్టు బస్తీలు తుడిచిపెట్టుకుపోయాయి. ఎత్తుగా ఉందని కోటగోడ బురుజు ఎక్కినవాళ్ల కింద ఆ బురుజే కూలింది. దాదాపు 15,000 మంది చనిపోయారన్నది ఎక్కువగా చెప్పే అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నీళ్లపాలైంది.

ఆసుపత్రి తోటలో మాత్రం ఒక చింతచెట్టు నిలిచింది. సుమారు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. అది ఇవాళా ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, నది వైపు ఉంది. మొదలు బాగా లావు, పై కొమ్మలు వయసు మీదపడి వంగిపోయాయి. ఏటా సెప్టెంబర్ 28న నగర చరిత్ర మీద మమకారం ఉన్నవాళ్లు ఆ చెట్టు కింద చేరి చనిపోయినవారిని తలచుకుంటారు. ఆ ఏడాది అఫ్జల్‌గంజ్‌లో అందరికన్నా ఎక్కువ మందిని కాపాడిన పేరు ఏదంటే, ఈ వ్యాసకర్త ఏ నవాబు కంటే ముందుగా ఈ చెట్టునే చెబుతాడు.

అమ్జద్ హైదరాబాదీ

సయ్యద్ అహ్మద్ హుసేన్ అమ్జద్ అప్పటికి యువకుడు. మూసీ ఒడ్డున ఇల్లు. వరద ఇంట్లోకి వచ్చిన రాత్రి తల్లి, భార్య, చిన్న కూతురు ముగ్గురూ ఆయన కళ్ల ముందే కొట్టుకుపోయారు. ఇంటిల్లిపాదిలో మిగిలింది ఆయన ఒక్కడే.

ఆ దుఃఖం నుంచి వచ్చిన దీర్ఘ కవిత ‘ఖయామతె సుగ్రా’. చిన్న ప్రళయం అని అర్థం చెప్పుకోవచ్చు. ప్రకృతి బీభత్సాల మీద కవితలు ఉర్దూలో కొత్త కాదు. ఒడ్డున నిలబడి చూసినవాడు రాయడం వేరు, చేతిలోంచి తల్లి చెయ్యి జారిపోయినవాడు రాయడం వేరు. హైదరాబాద్ వరద మీద అధికారిక నివేదికలు ఎన్ని ఉన్నా, ఆ రాత్రి ఒక ఇంటిలో ఏం జరిగిందో చెప్పే సాక్ష్యంగా ఈ కవితకు సాటి లేదు.

అమ్జద్ పేరు నిలిచింది ప్రధానంగా రుబాయీల వల్ల. నాలుగు పాదాల ఆ చిన్న ఛందస్సులో ఆయన తాత్త్విక చింతననూ, సూఫీ భావాన్నీ ఒదిగించారు. ‘హకీముష్షుఅరా’ అని గౌరవించారు, సూఫీ కవి సర్మద్‌తో పోల్చారు. ‘జమాలె అమ్జద్’ పేరుతో ఆత్మకథ రాశారు. 1961లో కన్నుమూసేదాకా హైదరాబాద్‌నే అంటిపెట్టుకుని ఉన్నారు. ఆయన రుబాయీల్లో మళ్లీమళ్లీ కనిపించే నిరాశ్రయతనూ, దైవం ముందు చెయ్యి చాచడాన్నీ 1908 నుంచి విడదీసి చదవడం కష్టం. ఒక కవి జీవితంలో మైలురాయి అంటే తొలి పుస్తకమో, సన్మానమో అనుకుంటాం. అమ్జద్ విషయంలో అది ఒక సోమవారపు తెల్లవారుజాము.

దర్బారు, సహాయం

ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా వయసు అప్పటికి 42. పులుల వేటగాడిగా, పాము కరిస్తే తన పేరు తలచుకుంటే చాలని జనం నమ్మిన ప్రభువుగా ఆయన చుట్టూ కథలకు కొదవ లేదు. వరద గురించీ ఒక కథ ఉంది. మూసమ్మ తల్లికి కోపం వచ్చిందని పండితులు చెబితే, ఆయన స్వయంగా నది దగ్గరికి వెళ్లి పసుపు కుంకుమలతో పూజ చేసి, పట్టుచీరె, ముత్యాలు సమర్పించి హారతి ఇచ్చారని పాతబస్తీ పెద్దలు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. పూజలోని వస్తువులు చెప్పేవాళ్లను బట్టి మారుతుంటాయి. బాధితులకు మాత్రం ఆయన మహళ్ల తలుపులు తెరిపించడం, ఆకలితో ఉన్నవాళ్లకు వంటశాలలు నడిపించడం కథలు కావు. మూడేళ్లకే, 1911లో, ఆయన కాలం చేశారు.

ప్రధానమంత్రి మహారాజా కిషన్ ప్రసాద్. ‘షాద్’ కలంపేరుతో ఉర్దూ కవిత్వం రాసినవాడు, కవులను పోషించినవాడు. సహాయ కార్యక్రమాల భారం ఆయన ప్రభుత్వం మీదే పడింది. 1912లో ఆ పదవి పోయి 1926లో మళ్లీ అందింది.

సరోజినీ నాయుడికి ఆ ఏడాది 29 ఏళ్లు. ‘గోల్డెన్ త్రెషోల్డ్’ 1905లోనే వచ్చి ఇంగ్లండ్‌లో పేరు తెచ్చిపెట్టింది. పుట్టిన ఊరు మునిగినప్పుడు ఆమె కవిత్వం పక్కన పెట్టి సహాయం పనిలోకి దిగారు. 1911లో వచ్చిన కైసరె హింద్ పతకం ఆ సేవకు గుర్తింపు. జలియన్‌వాలా బాగ్ దురంతం తర్వాత ఆ పతకాన్ని ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేశారు. ఆమె తర్వాత కాంగ్రెస్ అధ్యక్షురాలూ, గవర్నరూ అయ్యారు. ఆ ప్రజాజీవితానికి తొలి బడి హైదరాబాద్ బురద వీధుల్లో నడిచిందని చెప్పుకోవచ్చు.

విశ్వేశ్వరయ్య: పదవీ విరమణ ఏడాది

మోక్షగుండం విశ్వేశ్వరయ్య మైసూరు రాజ్యంలో పుట్టినా, ఇంటిపేరుగా నిలిచిన మోక్షగుండం ప్రకాశం ప్రాంతంలోని ఊరు. 1908లో ఆయన బొంబాయి ప్రభుత్వ కొలువు వదులుకున్నారు. పూర్తి సర్వీసు లేకపోయినా పింఛను ఇచ్చి పంపారు. వయసు యాభై లోపే. పెద్ద పదవులు తెల్లవారికే దక్కుతాయన్న సంగతి ఆయనకు స్పష్టంగా తెలుసు. కొలువు వదిలి ఐరోపా, అమెరికాల్లో పారిశ్రామిక దేశాలు ఎలా నడుస్తున్నాయో చూడటానికి బయలుదేరారు. ఇటలీలో ఉండగా హైదరాబాద్ నుంచి తంతి అందింది. యాత్ర సగంలో ఆపనని, ముగించుకుని వస్తానని చెప్పారు. నిజాం ప్రభుత్వం ఒప్పుకుని ఎదురుచూసింది.

1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరారు. ఆయనకు అప్పగించిన పనులు మూడు. నగర పునర్నిర్మాణానికి సలహా, వరద మళ్లీ రాకుండా పథకం, మురుగునీటి పారుదల వ్యవస్థ. వాననీటి లెక్కలు, తెగిన చెరువుల వివరాలు, వంతెనల దగ్గర నీటిమట్టాలు తీసి చూసి ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. ఊళ్లో గోడలు ఎంత ఎత్తు కట్టినా లాభం లేదు, వరదను ఊరికి పైనే పట్టి ఉంచాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయం కట్టాలి. నగరంలో నది ఒడ్లను ఎత్తుచేసి, ఆ గట్ల వెంట తోటలూ, నడకదారులూ వేయాలి. ఆ ఏడాది అక్టోబర్‌లో నివేదిక ఇచ్చి, నవంబర్‌లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. 1912లో దివాన్, 1955లో భారతరత్న.

ఆయన సూచించిన జలాశయాలే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్. ఈ ఏడాదుల తేడా గమనించాలి. హైదరాబాద్‌ను ఆయన కాపాడారని ఒక్క వాక్యంలో చెప్పేస్తాం గానీ, ఆయన నివేదిక ఇచ్చిన పద్దెనిమిదేళ్లకు గాని ఆ రక్షణ పూర్తి కాలేదు. మధ్యలో 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, 1912లో ఏర్పడ్డ నగర అభివృద్ధి బోర్డు, కట్ట మీద పనిచేసిన ఇంజనీర్లు, వేల మంది కూలీలు ఉన్నారు. విశ్వేశ్వరయ్య తర్వాత కూడా మురుగునీటి పథకం కోసం హైదరాబాద్ వచ్చి వెళ్లారు.

అఫ్జల్‌గంజ్ రూపు మార్చిందీ ఆ దశాబ్దాలే. కొట్టుకుపోయిన ఆసుపత్రికి బదులు విన్సెంట్ ఎష్ రూపకల్పనలో ఉస్మానియా ఆసుపత్రి భవనం 1925 నాటికి పూర్తయింది. నదికి ఎదురుగా హైకోర్టు, సిటీ కాలేజీ లేచాయి. 1891లో పుట్టిన అసఫియా గ్రంథాలయం 1936లో అఫ్జల్‌గంజ్ ఒడ్డున కొత్త భవనంలోకి మారి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ రోజుల్లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైంది. బస్సు దిగి నది వైపు చూస్తే కనబడే ఈ కట్టడాలన్నీ వరద తర్వాతి నగరమే.

తెలుగు నేల మీద అదే ఏడాది

బ్రిటిష్ ఆంధ్రలో 1908 వందేమాతరం ఉద్యమ వేడి చల్లారని ఏడాది. బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును రాజద్రోహ నేరం కింద అరెస్టు చేసి మూడేళ్ల శిక్ష వేశారు. వేలూరు జైల్లో గడిపారు. ఆంధ్రుల్లో తొలి రాజకీయ ఖైదీగా ఆయనకు పేరు. ఆయనే తర్వాత గ్రంథాలయోద్యమానికి పెద్ద దిక్కయ్యారు.

హైదరాబాద్‌లో 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి కూడా 1908లోనే మద్రాసుకు తరలింది. హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితం ఆ మండలి తొలి ప్రచురణ. మండలికి ప్రాణం పోసిన కొమర్రాజు లక్ష్మణరావే తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి తొలుత నడుం కట్టినవాడు.

పుట్టినవాళ్లు: ఇద్దరు పోరాట యోధులు

మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4న మెదక్ ప్రాంతంలోని ఆందోల్‌లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే పినతండ్రి పెంచారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అఫ్జల్‌గంజ్‌కు నది అవతల ఉన్న సిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు. వరద తర్వాత లేచిన భవనంలో, వరద ఏట పుట్టినవాడు అధ్యాపకుడన్నమాట. తర్వాత ఉద్యోగం వదిలి కార్మిక సంఘాల్లోకి వెళ్లారు. 1944లో ‘సుర్ఖ్ సవేరా’ వచ్చింది.

రావి నారాయణరెడ్డి అదే ఏడాది జూన్‌లో భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో కలిగిన కుటుంబంలో పుట్టారు. 1944లో భువనగిరి ఆంధ్రమహాసభకు అధ్యక్షుడయ్యారు. ఆ సభతో మహాసభ వామపక్షం చేతికి వచ్చింది. 1947 సెప్టెంబర్ 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపు ఇచ్చిన ప్రకటన మీద బద్దం ఎల్లారెడ్డితో పాటు ఈ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఒకరిది ఉర్దూ, మరొకరిది తెలుగు. ఒకరిది నగరపు కార్మిక వాడ, మరొకరిది నల్గొండ పల్లె. పుట్టిన ఏడాది మాత్రం ఒకటే.

1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డికి జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయన్న విషయం తెలంగాణలో పిల్లలకూ తెలుసు. అది నిజమే. అప్పుడు నల్గొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గమని, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లుండేవని కూడా కలిపి చెప్పాలి. అలా చెప్పినంత మాత్రాన ఆ గెలుపు చిన్నబోదు. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీ నాయకుడు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడి జైలు నీడ వీడని రోజుల్లో సాధించిన గెలుపు అది. అదే ఏడాది మఖ్దూం హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు వెళ్లారు.

మఖ్దూం సినిమా పాటల కవి కాదు, కానీ సినిమా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ‘చా చా చా’ (1964) చిత్రంలో ఆయన నజ్మ్ పాటైంది. 1982లో హైదరాబాద్ నేపథ్యంగా వచ్చిన ‘బజార్’లో ఖయ్యాం బాణీకి లతా మంగేష్కర్, తలత్ అజీజ్ పాడిన గజల్ ఆయనదే. అప్పటికి ఆయన పోయి పదమూడేళ్లు. ‘బిసాతె రఖ్స్’కు సాహిత్య అకాడెమీ పురస్కారం కూడా ఆయన మరణించిన 1969కే వచ్చింది.

పుట్టినవాళ్లు: ఇద్దరు దర్శకులు

అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు, అంటే ఎల్.వి. ప్రసాద్, 1908 జనవరి 17న ఏలూరు దగ్గర సోమవరప్పాడులో రైతు కుటుంబంలో పుట్టారు. చదువు అబ్బలేదు, నాటకాల పిచ్చి పట్టింది. ఇంట్లో చెప్పకుండా బొంబాయి వెళ్లి స్టూడియోల చుట్టూ తిరిగారు. అప్పుడే బొమ్మకు మాట వచ్చింది. హిందీ తొలి టాకీ ‘ఆలం ఆరా’, తమిళ తొలి టాకీ ‘కాళిదాస్’, తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ ఆయన నటించారు. మూడు భాషల తొలి మాటల సినిమాల్లో ముఖం చూపిన అదృష్టం భారతీయ సినిమాలో ఆయనదే. అవి పెద్ద వేషాలేం కావు. ఆ చిన్న వేషాల దగ్గర నేర్చుకున్న పనితనం తర్వాత ‘మనదేశం’ (1949), ‘షావుకారు’, ‘పెళ్ళిచేసి చూడు’, ‘మిస్సమ్మ’లలో పండింది. ఎన్.టి. రామారావు తొలిసారి తెర మీద కనిపించింది ‘మనదేశం’లోనే.

బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి నవంబర్ 16న పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లెలో పుట్టారు. మద్రాసులో సోదరులతో కలిసి అచ్చాఫీసు నడిపి, సినిమాల్లోకి వచ్చారు. ‘వందేమాతరం’ (1939)తో వాహినీ జెండా ఎగిరింది. ‘సుమంగళి’, ‘దేవత’, ‘స్వర్గసీమ’ తర్వాత 1951లో ‘మల్లీశ్వరి’. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు, సాలూరి రాజేశ్వరరావు బాణీలు, భానుమతి గొంతు, నటన. కృష్ణదేవరాయల కాలపు కథను ఒక పల్లెటూరి పిల్ల వైపు నుంచి చెప్పడం ఆ సినిమాకు బలం. దాన్ని చైనాలో కూడా ప్రదర్శించారు.

ఇద్దరి దారులూ వేరు. ప్రసాద్ చేతిలో కథ ఇంటి ముంగిట్లో నవ్వుతూ నడుస్తుంది, కాసులూ రాలుతాయి. బి.ఎన్. తక్కువ తీశారు, ప్రతి చట్రాన్నీ చెక్కారు, నష్టమొచ్చినా చెక్కడం మానలేదు. ఈ వ్యాసకర్త మొగ్గు ‘మల్లీశ్వరి’ వైపు. తెలుగు ఇళ్లల్లో ఇప్పటికీ ఎక్కువసార్లు మోగేది మాత్రం ‘మిస్సమ్మ’ పాటలే.

1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం బి.ఎన్. రెడ్డికి వచ్చింది. దక్షిణాదికి అదే మొదటిది. 1982 సంవత్సరానికి ఎల్.వి. ప్రసాద్‌కు దక్కింది. ఈ రెంటి మధ్య, 1980 సంవత్సరానిది, హిందీ తెర మీద వెలిగిన తెలుగువాడు పైడి జైరాజ్‌కు వచ్చింది. ఆయన పుట్టింది 1909. బి.ఎన్. తమ్ముడు బి. నాగిరెడ్డికి 1986 సంవత్సరానిది దక్కింది.

బి.ఎన్. 1977లో, ప్రసాద్ 1994లో కన్నుమూశారు. ప్రసాద్ విరాళం అండగా 1987లో హైదరాబాద్‌లో మొదలైన కంటి ఆసుపత్రి ఆయన పేరుతోనే నడుస్తోంది. సోమవరప్పాడు నుంచి ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయిన ఆ కుర్రవాడి పేరు సినిమాలు చూడనివాళ్లకూ ఆ ఆసుపత్రి వల్ల తెలుసు.